చేతికి నప్పే తుపాకీ

మంగళవారం సాయంత్రం డెప్యూటీ హాస్కెల్ ఒలీటా ఇంటి మెట్ల మీద నిలబడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పోలీసువాడు టోపీ తీశాడంటే మంచి కబురు కాదని ఆర్కన్సా కొండల్లో అందరికీ తెలుసు.

"లైల్ శుక్రవారం మధ్యాహ్నం జైలు నుంచి బయటికొస్తున్నాడు, మిస్ ఒలీటా. ముందే చెబితే మంచిదని వచ్చాను."

లైల్ ఆమె మాజీ మొగుడు. కిందటిసారి అతను ఈ ఇంటికి వచ్చినప్పుడు వాకిలి తలుపుతో పాటు ఆమె పక్కటెముకలు మూడు విరిగాయి.

"వాడు నా దగ్గరికి రాకూడదని కోర్టు కాగితం ఉంది కదా?"

"అది మార్చితో అయిపోయింది. కొత్తదానికి జడ్జిగారు మే ఆరో తారీకు వేశారు."

"అంటే శుక్రవారం నుంచి మే ఆరు దాకా వాడు నా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నా మీరేం చెయ్యరన్నమాట."

"ఫోన్ చేస్తే వస్తాం, మేడమ్."

"ఎంతసేపట్లో?"

హాస్కెల్‌కి అబద్ధం చెప్పడం చేతకాదు. టోపీ అంచు చుట్టూ వేలు తిప్పాడు. "ఇరవై ఏడు నిమిషాలు. వాగు పొంగకపోతే."

పక్కటెముకలు విరిగిన రోజు ఆమె వంటగది నేల మీద పడి ఉన్నప్పుడు పొయ్యి మీది గడియారం కళ్ళెదురుగానే ఉంది. మొదటి దెబ్బ నుంచి లైల్ ట్రక్కు కదిలేదాకా పదకొండు నిమిషాలు. ఆ సంగతి ఆమె హాస్కెల్‌కి అప్పుడే చెప్పింది, అతను రాసుకున్నాడు కూడా.

"ఏదైనా చిన్నది కొనుక్కోండి, బట్టల చాటున పట్టేది," అన్నాడతను. "మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటుంది. ఇప్పుడు లైసెన్సు గొడవ కూడా లేదు."

ఒలీటాకి ఒళ్ళు మండిపోయింది. ఇతనికి జీతం ఉంది, బండి ఉంది, నడుముకి తుపాకీ ఉంది. ఇవన్నీ పెట్టుకుని, ఇతని పనేదో ఆమెనే చేసుకోమని చెప్పడానికి ఇంత దూరం వచ్చాడు. అరుద్దామనుకుంది. ఎదురుగా ఉన్నవాడు ఆ జిల్లాలో ఉన్నవాళ్ళలోకల్లా మంచివాడు, అది ఇంకా మంట.

"టోపీ పెట్టుకో, హాస్కెల్," అంది. "వానొస్తోంది."

*

బుధవారం రెండున్నరకి కోళ్ళ ప్లాంటులో షిఫ్టు దిగి, రబ్బరు బూట్లు కూడా మార్చుకోకుండా నేరుగా తుపాకుల కొట్టుకి వెళ్ళింది. ఒకప్పుడు అది టైర్ల కొట్టు. ఇప్పటికీ రబ్బరు వాసన పోలేదు. గోడకి రైఫిళ్ళు, గాజు బల్ల కింద పిస్టళ్ళు, మూల ఒక పొయ్యి మీద కాఫీ, ఆ కాఫీ చుట్టూ ఏమీ కొనని ముగ్గురు మగవాళ్ళు.

బల్ల వెనక ఉన్న కుర్రాడి పేరు కోల్బీ. "ఎవరికి, మేడమ్? మీకేనా? చాటుగా పెట్టుకోవడానికా?" అని ఆమె జవాబు పూర్తి కాకముందే కింద నుంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడేంత పిస్టల్. పిడి గులాబీ రంగు.

"ఇదేంటి?"

"ఆడవాళ్ళకి బాగా పోతుందండీ ఇది."

"మగవాళ్ళు కొంటే నీలం రంగు ఇస్తావా?"

కాఫీ దగ్గర మగవాళ్ళు నవ్వారు. కోల్బీ చెవులు ఎర్రబడ్డాయి. గులాబీది లోపల పెట్టి అదే రకం నల్లది తీశాడు. పై భాగాన్ని వెనక్కి లాగి, లోపల తూటా లేదని తను చూసి, ఆమెకి చూపించి, అప్పుడు పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు. ఆ పద్ధతి మాత్రం ఆమెకి నచ్చింది. ప్లాంటులో కత్తి అందించేటప్పుడు వాళ్ళ కోత లైన్లోనూ అంతే.

"ఇప్పుడు ఈ స్లైడ్ వెనక్కి లాగి వదలండి. తూటా పైకి ఎక్కాలంటే అది లాగాల్సిందే."

ఒలీటా ఎడంచేత్తో పై భాగం పట్టుకుని లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. వేళ్ళు దాని మీద నుంచి జారిపోయాయి. జారినట్టు ఆమెకి తెలియలేదు, చూస్తే గాని.

"చిన్నదానికి స్ప్రింగు గట్టిగా ఉంటుందండీ," అన్నాడు కోల్బీ. "పెద్దది చూద్దాం."

"లాగకూడదమ్మా, తొయ్యాలి," అన్నాడు కాఫీ దగ్గర నుంచి ఒకడు. "ఎడం చెయ్యి కదపకుండా కుడిచేత్తో ముందుకి తొయ్యి."

"రివాల్వర్ ఇవ్వరా బాబూ, ఆవిడకి రివాల్వరే కరెక్టు," అన్నాడు రెండోవాడు.

"రివాల్వర్లో అయిదే పడతాయి," అన్నాడు మూడోవాడు.

"లైల్‌కి అయిదు చాలవా?" అన్నాడు మొదటివాడు. అంటే వాళ్ళందరికీ తెలుసన్నమాట. ఎవడెప్పుడు విడుదలవుతాడో, ఎవరి ఎముకలు విరిగాయో తెలుసు. తెలిసి కాఫీ తాగుతున్నారు.

పెద్దది వచ్చింది. దాని స్లైడ్ సగం దాకా వచ్చి మళ్ళీ ముందుకెళ్ళి ఆమె బొటనవేలి చర్మం పట్టేసింది. రివాల్వర్ వచ్చింది. అందులో లాగాల్సిన స్లైడ్ లేదు, ట్రిగ్గర్ నొక్కడమే. కోల్బీ గోడ మీది జింక తల వైపు గురిపెట్టమన్నాడు. ఒలీటా చూపుడువేలు పెట్టి నొక్కింది. ట్రిగ్గర్ సగంలో ఆగింది. వేలు వణికింది, తర్వాత మణికట్టు వణికింది, తర్వాత మొత్తం చెయ్యి. రెండో చేతి వేలు కూడా తెచ్చి దాని మీద పెట్టింది. అప్పుడు టక్కుమంది. అప్పటికి గురి జింక తల వదిలి కాఫీ పాత్ర మీదికి వచ్చింది. ముగ్గురూ పక్కకి జరిగారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది నవ్వు కంటే పాడుగా ఉంది. ఒలీటాకి మొహమంతా వేడెక్కింది. ఇరవై ఆరేళ్ళుగా నిమిషానికి ముప్పై ఎనిమిది కోళ్ళ భుజాలు కోసిన చెయ్యి ఇది. వేలెడంత లేని ఇనపముక్కని నొక్కలేకపోతోంది.

"పోన్లెండి, ఇంట్లో రోజూ బంతి నొక్కండి," అన్నాడు కోల్బీ, మంచికే.

"శుక్రవారానికి వస్తుందా బలం?"

వెనక గది తెర పక్కకి జరిగి కొట్టు యజమానురాలు ఫే బయటికి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, పీలగా, మెడలో తాడుకి కళ్ళద్దాలు. ఒలీటా మొహం చూడలేదు. బూట్లు చూసింది, తర్వాత చేతులు.

"ఏ లైను?"

"ఎముకలు తీసే లైను. రెండో నంబరు."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై ఆరు."

ఫే వంగి, గాజు బల్లకి కింద, గిరాకీలకి కనపడని అర లాగింది. అందులో పాత గుడ్డ మీద నాలుగు పిస్టళ్ళు. అర ముందు అంటించిన కాగితం మీద నల్లసిరాతో రాసి ఉంది: కోళ్ళ చేతులకి.

ఒలీటా దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇదేంటి?"

"ఏముంది, రాసిందే. స్ప్రింగులు మెత్తవి. ప్లాంటు నుంచి వచ్చేవాళ్ళకి ఇవి తప్ప ఏవీ పనికిరావు. ఈ ఏడాది నువ్వు పదకొండోదానివి."

"పదకొండు మందా?"

"ఆడవాళ్ళే పదకొండు. మగవాళ్ళు ఒప్పుకోరు, పెద్దది కొనుక్కెళ్ళి పెట్టెలో పెట్టుకుంటారు." ఫే ఆమె కుడిచెయ్యి పట్టుకుని తిప్పి, బొటనవేలి మొదట్లో నొక్కింది. "ఇక్కడ కండ ఉండాలి, దిండులాగా. నాది చూడు, డెబ్బైలో కూడా ఉంది. నీది గుంట పడింది. తెలుస్తోందా నేను నొక్కేది?"

"తెలుస్తోంది," అంది ఒలీటా. అబద్ధం.

"మీ నర్సు ఏమంటోంది?"

"నర్సుకి చెప్పలేదు. మాకు నొప్పేం లేదని వారం వారం సంతకాలు పెడతాం."

"ఎందుకు పెడతారు?"

"తొంభై రోజులు లైన్లో ఒక్కరూ నొప్పి చెప్పకపోతే ఈస్టర్‌కి తలా ఒక హామ్ ఇస్తారు."

ఫే కళ్ళద్దాలు తీసి ఆమెని చూసింది. "కోళ్ళ కంపెనీ వాళ్ళు పంది తొడ ఇస్తారా?"

"తొమ్మిది పౌండ్లది. తేనె పూసి."

తను చెప్పిన మాట చెవిన పడ్డాక ఒలీటాకి అక్కడ నిలబడాలనిపించలేదు. ఊళ్ళో తుపాకుల కొట్టుకి తెలుసు, ఆ కాఫీ సోమరులకి తెలుసు, అరకి కాగితం అంటించేంత బాగా తెలుసు. తెలియంది ప్లాంటు వాళ్ళకే. వాళ్ళకి తెలియకుండా చూసే పని ఎవరిదో ఒలీటాకి తెలుసు. సంతకాల అట్ట పట్టుకుని శుక్రవారం శుక్రవారం లైను వెంబడి తిరిగేది తనే.

"రేపు రా," అంది ఫే. "కాల్చి చూడకుండా నేను ఎవరికీ అమ్మను."

*

గురువారం వాన వెలిసింది. కొట్టు వెనక మట్టిగట్టు, దాని ముందు చెక్కకి బిగించిన కాగితప్పళ్ళేలు. అరలో నాలుగింటిలో మూడు ఒలీటాకి కుదరలేదు. ఒకటి మెత్తదే గాని కోటు జేబులో పెడితే ఇటుకలాగా ఉబ్బింది. ఒకటి చిన్నదే గాని పేలినప్పుడు వెనక్కి తన్నిన తన్నుకి మోచేతి దాకా మంట పుట్టింది. ఇంకోదాని స్లైడ్ మూడుసార్లకి ఒకసారి గాని రాలేదు.

"చిన్నదైతే తేలిగ్గా ఉంటుందనుకుంటారు అందరూ," అంది ఫే. "చిన్నది ఎంత చిన్నదైతే అంత గట్టిగా తంతుంది. ఆ గులాబీవి కొనుక్కెళ్ళిన ఆడవాళ్ళు ఒకసారి కాల్చి రెండోసారి ముట్టుకోరు. మొగుళ్ళు కొనిపెడతారు, పుట్టినరోజుకి."

నాలుగోది పాతది, నల్లరంగు అంచుల్లో అరిగిపోయింది. దాని పక్కనున్న చిన్న మీట నొక్కితే గొట్టం వెనకభాగం పైకి లేచి నోరు తెరిచింది. తూటాని వేలితో అందులో పెట్టి, గొట్టం కిందికి నొక్కి మూస్తే చాలు. స్లైడ్ లాగే పనే లేదు.

"ఇరవై రెండో నంబరు తూటా. చిన్నది," అంది ఫే. "పెద్దది తగలకపోవడం కంటే చిన్నది తగలడం మేలు. నొక్కు."

ఒలీటా నొక్కింది. ట్రిగ్గర్ వేలు కింద కదిలి పేలింది. పళ్ళెం అంచు చిరిగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. ఎనిమిది కాల్చి చూస్తే ఆరు పళ్ళెంలో ఉన్నాయి. ఆమెకి నవ్వొచ్చింది. మంగళవారం నుంచి మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఇంకా మురవకు," అంది ఫే. "కాల్చడం సగమే. ఇప్పుడు దాచు."

హ్యాండ్‌బ్యాగు వద్దంది. సంచి లాక్కుంటే తుపాకీ కూడా లాక్కున్నవాడిదే. ఒలీటా నడుముకి తోలు ఒర కట్టింది, దాని మీద చొక్కా వదిలింది, ఖాళీ పిస్టల్ అందులో పెట్టింది. "తియ్యి" అంది.

ఒలీటా చెయ్యి చొక్కా కిందికి వెళ్ళింది, గట్టిగా పట్టుకుని బయటికి తీసింది. చేతిలో చొక్కా గుడ్డ ఉంది. పిస్టల్ ఒరలోనే ఉంది.

"మళ్ళీ."

మళ్ళీ గుడ్డే వచ్చింది. మూడోసారి బెల్టు పట్టుకుంది. వేళ్ళకి ఏది గుడ్డో ఏది ఇనుమో తెలియడం లేదు. వంగి, చొక్కా ఎత్తి, కళ్ళతో చూసి తీస్తే వచ్చింది.

"చూసి తీసుకునే టైము వాడివ్వడు," అంది ఫే.

"ఇంకోసారి."

పదోసారికి ఒలీటా ఒరని ఊడబీకి మట్టిగట్టు మీదికి విసిరింది. "ఇరవై ఆరేళ్ళే!" అని అరిచింది. "ఒక్క రోజు మానలేదు! జ్వరమొస్తే వెళ్ళాను, ఎముకలు విరిగితే గుడ్డ బిగించి కట్టుకుని వెళ్ళాను. నా చేతులు తినేశారు నంజకొడుకులు! తిని పంది తొడ ఇచ్చారు! నేను దణ్ణం పెట్టి తీసుకున్నాను!"

ఫే వెళ్ళి ఒర ఏరుకుని మట్టి దులుపుకుంటూ వచ్చింది.

"ఒర నీకు కాదు. కోటు కుడి జేబులో పెట్టుకో, ఆ జేబులో ఇంకేం ఉండకూడదు, తాళాలు కూడా. చెయ్యి దాని మీద నుంచి తియ్యకు. ఇంట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా, బండి దిగినా చెయ్యి జేబులోనే. ఏప్రిల్లో కోటు వేసుకుంటే ఎవరైనా నవ్వితే నవ్వనీ."

కొట్టులో ఫారం నింపారు. కోల్బీ ఎక్కడికో ఫోన్ చేసి పేరు చెప్పాడు, పది నిమిషాల్లో సరేనన్నారు. లైల్‌ని ఆపడానికి మే దాకా తీరిక లేని సర్కారుకి, ఆమెకి తుపాకీ ఇవ్వడానికి పది నిమిషాలు చాలాయి.

"ప్లాంటులోకి తీసుకెళ్ళకూడదు, తెలుసుగా," అంది ఫే పెట్టె కట్టి ఇస్తూ. "బండిలో పెట్టి తాళం వెయ్యాలి."

"తెలుసు. ఆ రూలు కింద కూడా సంతకం పెట్టాను."

*

శుక్రవారం పొద్దున ప్లాంటు గుమ్మంలో పెద్ద బోర్డు మీద రెండో నంబరు లైను ఎదురుగా, నొప్పి లేని రోజులు ఎనభై తొమ్మిది అని ఉంది. రేపటితో తొంభై. లైన్లో అందరూ హామ్ గురించే మాట్లాడుకుంటున్నారు. ట్రెస్సా మాడక్స్ గొంతు మెషీన్ల మోత మించి వినపడుతోంది. పద్నాలుగేళ్ళుగా ఒలీటా పక్కన నిలబడి రెక్కలు కోసే మనిషి. ఆదివారం పధ్నాలుగు మందిని భోజనానికి పిలిచిందట. అనాసముక్కలు గుచ్చి కాలుస్తుందట.

తొమ్మిదింటి విరామంలో సూపర్‌వైజర్ సంతకాల అట్ట తెచ్చి ఒలీటాకి ఇచ్చాడు. ప్రతి పేరు ఎదురుగా ఒకే వాక్యం అచ్చు వేసి ఉంటుంది: ఈ వారం నాకు ఏ నొప్పీ లేదు. మొదటి పేరు ఒలీటాది. ఆమె మొదట పెడితే మిగతా వాళ్ళు చూడకుండా పెట్టేస్తారు.

బల్లకి అవతల నేజాన్ కూర్చుని గ్లౌజు విప్పుకుంటోంది. మార్షల్ దీవుల నుంచి వచ్చి రెండేళ్ళయింది. కిందటి నెల ఇదే బల్ల దగ్గర వాచిన మణికట్టు చూపించి, "మిస్ ఒలీటా, నేను నర్సు దగ్గరికి వెళ్ళనా?" అని అడిగింది. ఒలీటా ఏమందో ఆమెకి మాట మాటా గుర్తుంది. "ముప్పై తొమ్మిది మంది ఈస్టర్ భోజనం నీ మణికట్టు మీదుంది. ఓపిక పట్టు తల్లీ," అంది. నవ్వుతూ అంది. నేజాన్ కూడా నవ్వి సంతకం పెట్టింది.

ఒలీటా అచ్చువాక్యం మీద అడ్డంగా గీత గీసింది. పక్కన రాసింది: నా చేతులు పనిచెయ్యవు. అట్టని బల్ల మీద బోర్లా పెట్టి నర్సు గదికి వెళ్ళింది.

నర్సు చిన్నపిల్ల, మర్యాదగల పిల్ల. వేళ్ళు చాపమంది, ముడవమంది, సూదిమొనతో గుచ్చింది. "ఎప్పటి నుంచి?"

"తెలీదు. ఏళ్ళయి ఉంటుంది. నాకు తెలిసింది మాత్రం బుధవారం."

"బుధవారం ఏమైంది?"

"తుపాకీ కొనడానికి వెళ్ళాను. ట్రిగ్గర్ నొక్కలేకపోయాను."

నర్సు రాస్తోంది. "తర్వాత కాల్చారా?"

"నిన్న. నాకు నప్పేది దొరికేదాకా నాలుగు రకాలు కాల్చాను."

"ఎన్నిసార్లు?"

"ముప్పై, నలభై."

నర్సు రాయడం ఆపింది. ఆ ఆగడంలో ఏముందో ఒలీటాకి అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. పిల్ల కాగితం తిప్పి ఆమె ముందు పెట్టింది. "ఇక్కడ సంతకం పెట్టండి, మిస్ ఒలీటా. రెండు రోజులు తేలిక పని ఇప్పిస్తాను."

కాగితం మీద ఇలా ఉంది: పని వెలుపల, తుపాకీ సాధన వల్ల చేతులకు నొప్పి.

"ఇదేంటమ్మా?"

"మీరు చెప్పిందే కదండీ. కిందటి శుక్రవారం నొప్పి లేదని రాశారు, ఈ శుక్రవారం ఉందంటున్నారు. మధ్యలో జరిగింది కాల్చడమే." గొంతు తగ్గించింది. "ఇలా అయితే మీ లైను లెక్క కూడా పోదు. పని వల్ల వచ్చింది కాదుగా. అందరికీ హామ్ వస్తుంది."

ఒలీటాకి కోపం కూడా వెంటనే రాలేదు. ఎంత సులువుగా ఉంది. పెడితే ఎవరికీ నష్టం లేదు. ట్రెస్సా పధ్నాలుగు మందికి వడ్డిస్తుంది. ఇన్నాళ్ళూ పెట్టిన సంతకాల పక్కన ఇంకొకటి, అంతే. ఆ సంతకాలన్నీ ఒక బీరువాలో ఎక్కడో పదిలంగా ఉన్నాయి, ఒక్కోటి ఆమె చేతులు బాగున్నాయని సాక్ష్యం చెబుతూ.

"పెట్టను," అంది.

"పెట్టకపోతే పని వల్ల వచ్చిందనే రాయాలి. బోర్డు సున్నా అవుతుంది. ఆలోచించుకోండి."

"రాయి. నువ్వు రాసేదాకా ఇక్కడే కూర్చుంటాను. నీ వయసున్నన్నేళ్ళు కోళ్ళు కోశాన్నేను, నాకు తొందరేం లేదు."

పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఫోన్ చేసింది, సూపర్‌వైజర్ వచ్చాడు, బుజ్జగించాడు, గట్టిగా మాట్లాడాడు, మళ్ళీ బుజ్జగించాడు. పదకొండింటికి కొత్త కాగితం రాశారు. పదకొండున్నరకి గుమ్మంలో బోర్డు మీద ఎనభై తొమ్మిది తీసేసి సున్నా పెట్టారు.

*

రెండున్నరకి షిఫ్టు విడిచేసరికి లైను మొత్తం ఆమె వెనకాల ఉంది. ట్రెస్సా అందరికంటే ముందుంది.

"ఒక్క రోజు! ఒక్క రోజు నోరు మూసుకోలేకపోయావా? సోమవారం చెబితే చేతులు ఊడి పడేవా?"

ఒలీటా నడుస్తూనే ఉంది. వెనక నుంచి ఇంకో గొంతు, "మా పిల్లలకి నువ్వు చెప్పు, పండక్కి ఏం లేదని." ఇంకో గొంతు, "మాచేత సంతకాలు పెట్టించింది ఎవరు? నువ్వు కాదూ?" ఆ మాట ఒక్కటే తగిలింది. రోడ్డు దాటి బండ్లు నిలిపే మైదానంలోకి వచ్చాక ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

ఆమె కారుకి అడ్డంగా ఎర్ర ట్రక్కు ఉంది. దాని తలుపుకి ఆనుకుని లైల్ నిలబడి ఉన్నాడు. పన్నెండింటికి వదిలారు, నేరుగా వచ్చాడు. జైలు వాళ్ళిచ్చిన కాగితపు సంచి ఇంకా చేతిలోనే ఉంది.

పిస్టల్ కారులో ఉంది, తాళం వేసిన అరలో. కారు లైల్ వెనకాల ఉంది. నాలుగింటిలో ఏరి, రెండు రోజులు నేర్చుకుని, జేబు కూడా ఖాళీగా ఉంచుకుని, తీరా అవసరం వచ్చేసరికి అది ఇరవై అడుగుల అవతల వాడి వీపు వెనక ఉంది. కోటు జేబులో ఆమె చెయ్యి ఊరికే మూసుకుంది.

"బాగున్నావు, లీటా," అన్నాడు లైల్. "ఎక్కు, మాట్లాడుకుందాం."

"ఎక్కను."

"జనం ముందు గొడవెందుకు?" అని ఆనుకున్న తలుపు వదిలి రెండడుగులు వేశాడు.

"ఏయ్!" అంది ట్రెస్సా.

లైల్ ఆమెని అప్పుడే చూసినట్టు చూశాడు. "మొగుడూ పెళ్ళాల మాటమ్మా ఇది."

"మాజీ. నీ పెళ్ళాం సంగతి నాకనవసరం. నేను దీన్ని తిడుతున్నాను. నా తిట్టడం కాలేదు." ట్రెస్సా ఒలీటాని మోచేత్తో వెనక్కి నెట్టి ముందుకి వచ్చింది. ఇంకా జుట్టుకి వల ఉంది, చొక్కా మీద కోడి కొవ్వు ఉంది. "నా వెనకాల ముప్పై ఏడు మంది ఉన్నారు, అందరూ దీన్ని తిట్టాలి. నువ్వు వరస చివర నిలబడు. నీ వంతు వచ్చేసరికి సోమవారం అవుద్ది."

ఎవరో కిసుక్కున నవ్వారు. లైల్ నవ్వలేదు. "తప్పుకో," అన్నాడు.

"పొద్దున్నుంచి నాకు మహా చిరాగ్గా ఉందిరా లైల్. ఆదివారం పధ్నాలుగు మందికి కోడిమాంసం పెట్టాలి నేను. కోడి! కోడిని చూస్తేనే నాకు వాంతొస్తుంది. నా మీద చెయ్యి వెయ్యి, ప్లీజ్. వేసి చూడు."

ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే జరిగారు. ట్రక్కుకి ఇటూ అటూ తెల్ల బూట్లు నిలబడ్డాయి. ఒకామె తన టిఫిన్ డబ్బా ట్రక్కు ముందుభాగం మీద పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచింది. నేజాన్ ఫోన్ ఎత్తి లైల్ మొహానికి గురిపెట్టింది. లైల్ ఒక్కో మొహమూ చూశాడు. ఒక్కరితో అయితే అతనికి ఏం చెయ్యాలో తెలుసు. ట్రక్కు ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను మొదలయ్యాక కూడా వాళ్ళు తొందరపడలేదు. టిఫిన్ డబ్బా ఆమె అన్నిటికంటే చివర కదిలింది.

ట్రక్కు మలుపు తిరిగేదాకా ఒలీటా దాన్నే చూసింది. కారుని పట్టుకుంది.

"వాడు మళ్ళీ వస్తాడు," అంది.

"వస్తాడు. వెధవలు పోతారా? మే దాకా మా ఇంట్లో పడుకో. సోఫా గట్టిగా ఉంటుంది, నోరు మూసుకుని పడుకో." ట్రెస్సా ఇటు తిరిగింది. కోపం ఎక్కడికీ పోలేదు. "మా హామ్ మాత్రం నువ్వే పోగొట్టావు."

"నేనే."

"సంతకాలు కూడా నువ్వే పెట్టించావు."

"నేనే పెట్టించాను, ట్రెస్సా. నేజాన్ చేత కూడా."

ట్రెస్సా బూటుతో కంకర కెలికింది. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది, ఆమెకి తగ్గించడం వచ్చినంత. "నర్సు రాసిందే, అలాంటి కాగితం. దానికి ఏమనాలి?"

"ఏమీ అనక్కర్లేదు. ఉన్నది చెప్పడమే. తుపాకీ గురించి మాత్రం చెప్పకు."

"నాకు రెండేళ్ళయింది జుట్టు ముడి వేసుకోవడం చేతకాక. మనవరాలు వేస్తుంది. సరదాకి వేయించుకుంటున్నానని చెబుతాను దానికి." తన చేతులు వెనక్కి పెట్టుకుంది. "రాసి పెట్టు. సోమవారం నోటికి రాకపోతే కాగితం ఇచ్చేస్తాను."

ఒలీటా కారు తాళం తీసి ముందు అర తెరిచింది. పిస్టల్ కిందున్న పెన్ను కోసం పిస్టల్‌ని పక్కకి జరిపింది. పాత కరెంటు బిల్లు వెనక్కి తిప్పి కారు ముందుభాగం మీద పెట్టింది. పెన్ను రెండుసార్లు వేళ్ళలోంచి జారి కంకరలో పడింది. రెండుసార్లూ ట్రెస్సా వంగి తీసింది, ఆమెకీ ఒక్కసారికి దొరకలేదు. మూడోసారి ఒలీటా రెండు చేతులతో పట్టుకుంది.

"ట్రెస్సా మాడక్స్," అని రాసింది, వంకర టింకర పెద్ద అక్షరాలతో. "పద్నాలుగేళ్ళు."

"తొందరేం లేదు, మెల్లిగా రాయి," అంది ట్రెస్సా.

ఆమె వెనకాల నేజాన్ వచ్చి నిలబడింది. నేజాన్ వెనకాల టిఫిన్ డబ్బా ఆమె నిలబడింది.